నీళ్ళు మూటగట్టే విద్య

ఎగుమతి అనే మాట మా ఓరుగల్లు ప్రాంతం వాళ్ళకి కొత్తది కాదు. ఎండాకాలంలో ఏనుమాముల మార్కెట్టు పక్కనించి ముక్కుకి తువ్వాలు అడ్డుపెట్టుకుని నడిచిన ప్రతివారికీ అది ఘాటుగా తెలిసిన మాటే. మిరపకాయ పండించడం వొక యెత్తు. యెండబెట్టి, తాలుకాయ యేరి, బోరాలకెత్తి, కాటా మీదికి చేర్చడం మరో యెత్తు. పత్తి సంగతి చూడండి. భారత పత్తి సంస్థ వారి కేంద్రంలో తేమ నూటికి 8 వంతులుంటే పూర్తి మద్దతు ధర. 12 దాటిందా, బండి వెనక్కి తిప్పుకోవలసిందే. చేలో యెంత తెల్లగా విరగబూసినా సరే, మూటలో నీళ్ళున్నాయంటే మూట పనికిరాదు.

కంప్యూటరు మీద కదిలే బొమ్మలు కూర్చేవాళ్ళు కూడా తమ పనిలో ఆఖరి మెట్టుకి సరిగ్గా యీ పేరే పెట్టుకున్నారు. ఎక్స్‌పోర్టు అంటారు. తీసిన దృశ్యాలు కత్తిరించి, అతికించి, రంగులు దిద్ది, చివరికి వొక బొత్తాం నొక్కితే అదంతా వొక ఫైలై బయటికొస్తుంది. ఆ బొత్తాం నొక్కే ముందు మాత్రం పెట్టెడు ప్రశ్నలు: యే కోడెక్, యెంత బిట్‌రేటు, సెకనుకి యెన్ని బొమ్మలు, యే కొలత, యే రంగు లెక్క. చాలామంది వాటికేసి కన్నెత్తి చూడకుండానే నొక్కేస్తారు. పెళ్ళి వీడియోకి అది చెల్లుతుంది. చుట్టాలు చూసేది కోడెక్‌ని కాదు గదా, తమ చీరల్ని! కాని అదే దృశ్యాన్ని అంగట్లో పెట్టి, ముక్కూ మొహమూ తెలియని వాడికి అమ్మాలంటే చెల్లదు.

అమ్మడమేమిటంటారా? స్టాక్ ఫుటేజి అని వొక వ్యాపారం వుంది. ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. మన సినిమాలవాళ్ళు మద్రాసులో వున్న రోజుల్లోనే దీన్ని స్టాక్ షాటు అనేవారు. కథలో పిడుగు పడాలి, విమానం దిగాలి, వరద రావాలి. నిర్మాత పిడుగుకోసం కెమెరా బిగించుకు కూర్చోలేడు గనుక యెవరో యెప్పుడో తీసి దాచిన నాలుగడుగుల ఫిల్ము కొని అతికించేవాడు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకి 16 బొమ్మలు; సెకనుకి 24 బొమ్మలు నడుస్తాయి గనుక నాలుగడుగుల పిడుగు మూడు సెకన్లు కూడా మెరవదు. మెరిసినంతసేపే మెరిసింది, డబ్బు మిగిలింది. 1948లో ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్స్ డివిజన్ బీరువాల్లో యిలాంటి దృశ్యాలు పేరుకుపోయాయి. ఆ సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. ఇప్పుడా బీరువాలు యింటర్నెట్టులోకి వచ్చాయి. షట్టర్‌స్టాక్, అడోబ్ స్టాక్, పాండ్5 వంటి దుకాణాలకి యెవరైనా సరే, యే వూరినించైనా సరే, తాము తీసిన ముక్క పంపవచ్చు. వాళ్ళ పరీక్షకులు చూస్తారు. నచ్చితే అరలో పెడతారు, లేకపోతే తిప్పికొడతారు. అమ్ముడుపోతే తీసినవాడికి కొంత వాటా.

మా వూరు ధర్మసాగర్. ఒకప్పుడు వరంగల్ జిల్లా. 2016లో వరంగల్ పట్టణ జిల్లా అయింది. 2021లో దానికి హనుమకొండ జిల్లా అని పేరు మార్చారు. వూరు మాత్రం కదలకుండా అక్కడే వుంది. మా వూరి ఆస్తి చెరువు. దేవాదుల యెత్తిపోతల గొట్టాలగుండా గోదావరి నీళ్ళు యెక్కడో కింద నించి వచ్చి యిందులో పడతాయి. యిక్కడినించి వరంగల్ నగరం గొంతు తడుస్తుంది. పొద్దు వాలే వేళ కట్టమీద నిలబడితే కెమెరా వున్నవాడి చెయ్యి వూరుకోదు.

మా మేనల్లుడికి కెమెరా వుంది. పెళ్ళిళ్ళు తీస్తాడు. ముహూర్తాలున్నన్నాళ్ళు వాడికి నిద్రుండదు, మూఢమొస్తే పనుండదు. అప్పు వాయిదాకి మాత్రం మూఢం లేదు. అందుకని కిందటి మూఢంలో చెరువుమీద పడ్డాడు. తూము, మత్తడి, గట్టున గేదెలు, వల విసిరే వాళ్ళు, తామరాకుల మీద చుక్కలు, యేదీ వదల్లేదు. పన్నెండు ముక్కలు పంపితే పన్నెండూ తిరిగొచ్చాయి.

"గదేంది మామా! గింత సక్కగ తీస్తె నాణ్యత లేదంటరు. ఆళ్ళ కండ్లకేమైంది?" అంటూ లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా యింటికొచ్చాడు.

చూశాను. వాడి కెమెరాలోని అసలు దృశ్యం నిజంగా చక్కగానే వుంది. వాడు పంపిన ఫైలులో మాత్రం చెరువు చెరువులా లేదు. అలలమీద యెండ తళుకు పోయి, నీళ్ళు సబ్బు నురగలా, గళ్ళు గళ్ళుగా వుడికిపోతున్నాయి. పెళ్ళి వీడియోలు ఫోనులో పంపడానికి వాడు యెప్పుడో పెట్టుకున్న అమరిక అలాగే వుండిపోయింది. సెకనుకి 16 మెగాబిట్లు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. విసుక్కోకండి, అసలు రహస్యమంతా యీ లెక్కలోనే వుంది. ఫోర్‌కే అనే కొలతలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. గుణిస్తే వొక్కో బొమ్మకి 82,94,400 చుక్కలు. ఒక్కో చుక్కకి యెరుపు, పచ్చ, నీలం మూడు బైట్లు. సెకనుకి 25 బొమ్మలు. ఏమీ కుదించకుండా దాస్తే సెకనుకి 622 మెగాబైట్లు; యిరవై సెకన్ల ముక్కకి పన్నెండు గిగాబైట్లు పైన. దీన్ని యెవడూ మోయలేడు. కాబట్టి కుదించాలి. మావాడి 16 మెగాబిట్లంటే సెకనుకి 2 మెగాబైట్లు. అంటే మూడువందల పాళ్ళ సరుకుని వొక పాలులోకి కుక్కాడన్నమాట!

కుక్కడం తప్పు కాదు. ఎలా కుక్కుతున్నామో తెలియకపోవడమే తంటా. 2003లో వచ్చిన హెచ్.264 అనే పద్ధతి కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిది. మొదట వొక పూర్తి బొమ్మ రాసుకుంటుంది. తరవాతి బొమ్మల్లో మారినవి మాత్రమే రాస్తుంది. "నిన్నటి బాకీ అలాగే, ఇవాళ అరకిలో చక్కెర" అన్నట్టు. కోటలో కీర్తి తోరణాన్ని తీశారనుకోండి. కాకతీయుల నాటి రాయి కదలదు. మధ్యలో వొక చిలక యెగురుతుంది. ఖాతాలో చిలక పద్దొకటే. ఆ దృశ్యానికి తక్కువ బిట్‌రేటు యిచ్చినా రాయి రాయిలాగే వుంటుంది. మరి చెరువో? అందులో ప్రతి అలా, ప్రతి తళుకూ ప్రతి బొమ్మలోనూ కొత్తదే. పొద్దుటి పద్దు సాయంత్రానికి పనికిరాదు. ఖాతా మొత్తం ప్రతిసారీ కొత్తగా రాయాలి, కాని రాయడానికి యిచ్చిన కాగితం మాత్రం అంతే. అప్పుడు గుమాస్తా యేం చేస్తాడు? వివరాలు మానేసి టోకున రాసేస్తాడు. ఆ టోకు పద్దులే మనకి గళ్ళుగా కనబడేవి. నీళ్ళు, పొగ, వర్షం, గాలికూగే వరిచేను, దుమ్ము, బాణసంచా, వీటిని మూటగట్టడం కష్టం. మా వూళ్ళో అమ్మదగ్గ సరుకంతా దురదృష్టవశాత్తు యివే!

అందుచేత అన్ని దృశ్యాలకీ వొకే అమరిక అన్న పద్ధతి మానుకోమన్నాను. తోరణానికి 50 చాలవచ్చు. చెరువుకి హెచ్.264లోనే అయితే 100 మెగాబిట్లకి తగ్గించవద్దు. బిట్‌రేటు మారుతూ వుండే పద్ధతిలో రెండు విడతల అమరిక వుంటే అదే పెట్టుకోండి. మొదటి విడతలో ముక్కంతా వొకసారి చూసుకుని, యెక్కడ కదలిక యెక్కువో గుర్తుపెట్టుకుని, రెండో విడతలో అక్కడ చెయ్యి వదులు చేస్తుంది. సమయం రెట్టింపు పడుతుంది. మూఢంలో సమయానికేం కొదవ?

"మరి ప్రోరెస్ అంటరు గద మామా, అది బెట్టమంటవా?" అన్నాడు వాడు.

ప్రోరెస్ అనేది 2007లో ఆపిల్ వాళ్ళు తెచ్చిన పద్ధతి. ఇందులో ఖాతా బేరం లేదు. ప్రతి బొమ్మనీ దేనికదే పూర్తిగా రాస్తుంది. అందుకే ఫైలు లావు. ఫోర్‌కేలో, సెకనుకి 25 బొమ్మల లెక్కన, ప్రోరెస్ 422 అనే రకానికి సుమారు 492 మెగాబిట్లు. హెచ్‌క్యూ అనే మేలు రకానికి 737. ఇరవై సెకన్ల ముక్క మొదటిదానిలో 1.2 గిగాబైట్లు, రెండోదానిలో 1.8. హెచ్.264లో 100 మెగాబిట్లకి 250 మెగాబైట్లే. మా వూళ్ళో పంపే వేగం బాగున్నరోజున 5 మెగాబిట్లుంటుంది. ఆ లెక్కన చిన్న ఫైలు యేడు నిమిషాల్లో వెళ్తుంది. ప్రోరెస్ 422 అరగంట పైన, హెచ్‌క్యూ దాదాపు యాభై నిమిషాలు. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. పైగా యీ దుకాణాలు వొక్కో ఫైలుకి 4 గిగాబైట్ల దరిదాపులో హద్దు పెడతాయి. ముక్క 5 సెకన్లకి తగ్గరాదు, 60 దాటరాదు అనడం మామూలు. నిమిషం నిడివి ముక్క హెచ్‌క్యూలో 5.5 గిగాబైట్లవుతుంది, గుమ్మం దాటదు. మామూలు 422లో 3.7, పడుతుంది. ఈ హద్దులు అప్పుడప్పుడూ మారుస్తుంటారు గనుక పంపేరోజున వాళ్ళ నిబంధనల పేజీ వొకసారి తిరగేసుకోవడం మంచిది.

ప్రోరెస్ పెడితే బొమ్మ బాగుపడుతుందనే భ్రమ చాలామందికి వుంది. పడదు. ఫోనో, చవక కెమెరానో 8 బిట్లలో తీసినదాన్ని తెచ్చి ప్రోరెస్‌లో పోస్తే, చెంబుడు నీళ్ళని గంగాళంలో పోసినట్టు. నీళ్ళు పెరగవు. మరెందుకంటే, మనం రంగు దిద్దినప్పుడు కలిగిన మార్పులు చెడకుండా వుండడానికి. పొద్దు వాలే ఆకాశం చూడండి. నారింజ నించి వూదాలోకి సన్నగా జారుతుంది. 8 బిట్లలో వొక్కో రంగుకి 256 మెట్లే. 10 బిట్లలో 1024. మెట్లు తక్కువైతే ఆకాశం మీద పట్టీలు పట్టీలుగా గీతలు పడతాయి. ప్రోరెస్ 422లో 10 బిట్లుంటాయి. కాబట్టి నా పద్ధతి యిది: పెద్దగా రంగు దిద్దని మామూలు దృశ్యమైతే హెచ్.264, ధారాళంగా బిట్‌రేటు. దిద్దిన ఆకాశం, యెండ తళుకుల నీళ్ళు అయితే ప్రోరెస్ 422, రాత్రంతా పంపుకుంటూ. హెచ్‌క్యూ జోలికి నేను పోను. పోయేవాళ్ళతో పోట్లాడను.

422 అన్న అంకెకి కూడా వొక అర్థముంది. కెమెరాలు వెలుగునీడల్ని పూర్తిగా రాసుకుని, రంగుని మాత్రం పొదుపుగా రాస్తాయి. మన కంటికి వెలుగు తేడా తెలిసినంతగా రంగు తేడా తెలియదు గనుక. 4:2:0 అంటే నాలుగు చుక్కలకి కలిపి వొకే రంగు పద్దు. 4:2:2 అంటే రెండు చుక్కలకి వొకటి. గోడకీ గేదెకీ యిది పట్టదు. బతుకమ్మ తీసినవాణ్ణి అడగండి! తంగేడు పక్కన యెర్ర బంతి, దాని పక్కన గులాబి రంగద్దిన గునుగు, ఆ అంచుల్లో రంగు వొకదాంట్లోకి వొకటి కారినట్టు కనిపిస్తుంది. కొన్నవాడు దాన్ని మళ్ళీ దిద్దబోతే యింకా కారుతుంది.

కొన్నవాడు మళ్ళీ దిద్దుతాడన్నది మా వాళ్ళెవరికీ తట్టదు. పెళ్ళి వీడియో వండి వడ్డించిన విస్తరి. స్టాక్ ముక్క పచ్చి కూరగాయ. ఎవడో దాన్ని తన సినిమాలో, తన వ్యాపార ప్రకటనలో కత్తిరించి, తన రంగు పూసి, పైన అక్షరాలు వేసి, మళ్ళీ కుదించి టీవీకో ఫోనుకో పంపుతాడు. మనం కుదించింది వాడు కుదిస్తాడు, వాడు కుదించింది టీవీవాడు కుదిస్తాడు. కార్బన్ కాపీకి కార్బన్ కాపీ తీసినట్టు. మొదటి కాగితమే మసకైతే మూడో కాగితంలో యేముంటుంది? అందుకే మనకి "బాగానే వుంది గదా" అనిపించే చోట పరీక్షకుడు బాగాలేదంటాడు. వాడు చూసేది యివాళ్టి బొమ్మని కాదు, దాని మనవణ్ణి.

పచ్చి కూరగాయ అన్నాను గనుక తాలింపు సంగతి కూడా చెప్పాలి. మావాడు పంపినవాటిలో మూడింటికి పాట పెట్టాడు, సినిమా పాట! నాలుగింటిలో తన స్టూడియో పేరు మూలనించి మూలకి యెగురుతోంది. అన్నింటికీ మొదట చీకటినించి తెరుచుకోవడం, చివర చీకట్లోకి మూసుకోవడం. ఇవన్నీ తీసెయ్యాలి. సహజమైన నీటి చప్పుడు బాగా పట్టి వుంటే వుంచవచ్చు. గట్టుమీద యెవరో ఫోనులో మాట్లాడుతున్న గొంతు వుంటే మొత్తం శబ్దాన్నే వదిలెయ్యడం నయం. పదును పెంచే అమరిక, రంగు పొంగించే అమరిక అసలు వద్దు.

మరో ముక్కలో వల విసిరేవాడి చేతులు దువ్వెన పళ్ళలా చీలికలు చీలికలుగా కనిపించాయి. అది పాత టీవీ జబ్బు. ఒక్కో బొమ్మని బేసి గీతలు, సరి గీతలు అని రెండు పాయలుగా చేసి పంపడం ఆ రోజుల పద్ధతి. పెళ్ళి కెమెరాలు చాలాకాలం ఆ పద్ధతిలోనే నడిచాయి. మావాడి ప్రాజెక్టు వొక పాత పెళ్ళినాటిది. దాంట్లోనే చెరువుని కూడా కూర్చాడు. ఎగుమతిలో ప్రోగ్రెసివ్ అని వుండాలి. ఆ మాటొకటి చూసుకుంటే దువ్వెన పోతుంది. కొలత కూడా అంతే. 1920 అడ్డం వున్న దాన్ని 3840కి సాగదీసి ఫోర్‌కే అని పంపితే పాలలో నీళ్ళు కలిపినట్టే, వాళ్ళ లాక్టోమీటరు వెంటనే పట్టేస్తుంది. తీసిన కొలతలోనే పంపాలి. తగ్గించవచ్చు, పెంచకూడదు.

బొమ్మల వేగం దగ్గర మాత్రం వాడికీ నాకూ వాదన జరిగింది. "కొనేది అమెరికోళ్ళు గద, ఆళ్ళకు ముప్పై కావాలె" అని వాడు 25ని 29.97 చేశాడు. ఈ 29.97 అనే వింత అంకె కథ యేమిటంటే, అమెరికాలో 1953లో రంగు టీవీ ప్రమాణం ఖాయం చేసినప్పుడు, రంగు సంకేతమూ శబ్ద సంకేతమూ వొకదాన్నొకటి గిల్లుకోకుండా 30ని వెయ్యింట వొక వంతు తగ్గించారు. ఆ గిల్లుడు యెప్పుడో ఆగింది గాని అంకె యింకా వదల్లేదు. మనకి 1982లో రంగు వచ్చినప్పుడు పాల్ పద్ధతి తీసుకున్నాం గనుక 25. మన కరెంటు సెకనుకి 50 తరంగాలు. దీపాలు సెకనుకి నూరుసార్లు మినుకుతాయి. దానికీ 25కీ పొత్తు కుదురుతుంది. ఇక 25 బొమ్మల్ని ముప్పై చెయ్యాలంటే యంత్రం యేం చేస్తుంది? ప్రతి అయిదు బొమ్మలకీ వొకదాన్ని రెండోసారి చూపిస్తుంది. దృశ్యంలో గతుకు పడుతుంది. మడికొండ రోడ్డు మీద బస్సెక్కినవాళ్ళకి నేను గతుకంటే యేమిటో చెప్పనక్కర్లేదు. 25లో తీస్తే 25లోనే పంపాలి. అమెరికావాడికి మార్చుకోవాలంటే వాడి దగ్గర మనకన్నా మంచి పనిముట్లున్నాయి. 50లో తీసి సగం వేగానికి తగ్గించి 25లో పంపడం వేరు. అది బొమ్మలు కల్పించడం కాదు, వున్న బొమ్మల్ని నిదానంగా చూపడం. వల గాలిలో విప్పారేది అలా చూస్తేనే అందం.

ఫోనుతో తీసినవాళ్ళకి మరో చిక్కు. ఫోను తన వోపికని బట్టి సెకనుకి వొకసారి 30, వొకసారి 28 బొమ్మలు తీస్తూ వుంటుంది. కూర్చే ముందే దాన్ని స్థిరమైన వేగానికి మార్చుకోవాలి. కొత్త ఫోన్లు కొన్ని హెచ్‌డీఆర్ అనే హెచ్చు వెలుగు పద్ధతిలో తీస్తాయి. అది సరిగ్గా దించకుండా మామూలు రెక్.709 రంగు లెక్కలో పంపితే ఆకాశం సున్నం కొట్టినట్టుంటుంది. అమ్మదలుచుకున్నప్పుడు తీసేముందే ఆ అమరిక ఆపేసుకోవడం హాయి.

ఎమ్‌ఓవీ, ఎమ్‌పీ4 అని చివర వుండే పేర్లు చూసి నాణ్యత అంచనా వెయ్యవద్దు. అది జాడీ. లోపలి వూరగాయ కోడెక్. జాడీ పేరు చూసి మావాడు, "ఎమ్‌ఓవీ చేసిన గద మామా, యింకేం గావాలె?" అన్నాడు. ఆ జాడీలో 16 మెగాబిట్ల పులుసే వుంది. మీడియాఇన్ఫో అని వుచితంగా దొరికే వొక పనిముట్టు వుంది; ఫైలు దానిమీద పడేస్తే కోడెక్, బిట్‌రేటు, వేగం, రంగు లెక్క అన్నీ జాతకంలా రాసిచ్చేస్తుంది. పంపేముందు ఆ జాతకం చూడని ఫైలు నేను పంపను.

ఇంతకీ నేనీ విషయం మీద యింత రాయడానికి కారణం డాలర్లు కాదు. ఒక్కో అమ్మకానికి వచ్చేది యెక్కువేమీ కాదు, కొన్ని నెలలు అదీ వుండదు. కారణం చెరువులో వల విసిరే వొక పెద్దాయన.

మనిషి మొహం కనిపించే దృశ్యం అమ్మాలంటే ఆ మనిషి సంతకం చేసిన సమ్మతి పత్రం కావాలి. మావాడు కాగితం పట్టుకెళ్ళి అడిగితే ఆయన, "నా మొఖం కొని యేం జేస్కుంటరు బిడ్డా?" అన్నాడట. వీడికేం చెప్పాలో తోచక నన్ను పిలిచాడు. ఏదో దేశంలో యే బీమా కంపెనీవాడో తన ప్రకటనలో మీ బొమ్మ వేసుకోవచ్చునని చెప్పాను. "అంటె నాకు లేని బీమా నా మొఖానికొస్తదన్నట్టు," అని నవ్వి వేలిముద్ర వేశాడు. చిన్న నవ్వు కాదు అది.

ఆయన రెండు దృశ్యాల్లో వున్నాడు. దగ్గరగా మొహం, గడ్డంలో నీటి చుక్కలు, వొకటి. దూరంగా నడుముల్లోతు నీళ్ళలో నిలబడి వల విసరడం, వొకటి. మాఘమాసంలో ఆయన పోయాడు. పెద్దకర్మకి పటం కట్టించాలని కొడుకు మావాడి దగ్గరికి వచ్చాడు. ఆయనకి ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప మరో ఫొటో లేదు. ఫోర్‌కే దృశ్యంలో వొక్కో బొమ్మా 83 లక్షల చుక్కల ఫొటోయే గదా. నిలిపి తీస్తే పటానికి సరిపోతుంది. అయితే మావాడి డిస్కు పెళ్ళిళ్ళతో నిండిపోయి, దగ్గరి దృశ్యం అసలు ఫైలు యెప్పుడో తుడిచేశాడు. మిగిలింది ఆ 16 మెగాబిట్ల యెగుమతి. నిలిపి చూస్తే మొహం మైనపు ముద్ద. గడ్డమూ చుక్కలూ కలిసిపోయాయి. కళ్ళు వున్నచోట రెండు గళ్ళు. దూరపు దృశ్యం అసలుది మాత్రం అదృష్టవశాత్తు వొక కార్డులో మిగిలింది. అందులో మొహం బొటనవేలి గోరంత. కాని నిక్కచ్చిగా వుంది.

కొడుకు రెండూ చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత రెండోదానిమీద వేలు పెట్టి, "చిన్నగుంటేంది, గీడ మా నాయన ఉన్నడు," అన్నాడు. ఆ పటమే యిప్పుడు వాళ్ళింట్లో వుంది: వల సగం విప్పారి, వెనక చెరువు, మధ్యలో ఆయన.

కాబట్టి యెగుమతి అమరికలంటే దుకాణం పరీక్షకుడి చాదస్తమని నేననుకోను. డిస్కులో చోటు చాలనప్పుడు యేది తుడవాలన్నది కూడా అందులో భాగమే. అసలు ఫైళ్ళు వుంచలేకపోతే, ప్రతి మంచి దృశ్యానికీ మేలైన యెగుమతి వొకటి చేసి, దాన్ని రెండు డిస్కుల్లో, రెండు యిళ్ళల్లో వుంచాలి. ఒకటి మా యింట్లో పెట్టమన్నాను. ఇప్పుడు నా బీరువాలో ధోవతుల కింద మావాడి చెరువుంది. ఫోనులో పంపడానికి చిన్న కాపీ యెప్పుడైనా చేసుకోవచ్చు. పెద్దదాన్నించి చిన్నది వస్తుంది, చిన్నదాన్నించి పెద్దది రాదు.

పేర్ల విషయం వొకటి మిగిలింది. ఫైలుకి ఖాళీలు లేకుండా ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టండి. యెక్కడ తీశారో, యేమిటో వివరంగా రాయండి. మావాడు హనుమకొండ జిల్లా అని మాత్రమే రాశాడు. వెతికేవాడు వరంగల్ అని వెతుకుతాడు. రెండూ రాయాలి, ధర్మసాగర్ అనీ రాయాలి, జలాశయం అనీ రాయాలి. అడిగినవాడికి మన వూరి పేరు తెలియకపోవచ్చు, జలాశయం కావలసి వుండవచ్చు.

అన్నీ సరిచేసి, మిగిలిన వాటిలో తొమ్మిది ముక్కలు మళ్ళీ పంపాడు. చెరువు యీసారి చెరువులాగే వెళ్ళింది. ఆరు తీసుకున్నారు. మూడు తిప్పారు. ఒకదాంట్లో కెమెరా వూగిందట. రెండోదాంట్లో గట్టుమీద మోటారుసైకిలు నంబరు కనబడుతోంది. మూడోదాంట్లో వొక గేదె పక్కన వొక గొడుగు, గొడుగు మీద వొక సిమెంటు కంపెనీ పేరు. ఆ గొడుగు కింద కూర్చున్నది నేనే. "నిన్ను దియ్యలె మామా, గొడుగును దీసిన," అంటాడు వాడు.